స్క్రైబ్ కావాలన్న వాళ్ళకి స్క్రైబ్ దొరికేలా మీ వాలంటీర్ గ్రూప్ వెబ్‌సైట్‌ని మార్చుకోవడం ఎలా

చూపు లేని స్టూడెంట్స్‌కి, చెయ్యి సరిగ్గా పనిచెయ్యని వాళ్ళకి పరీక్షల్లో రాసిపెట్టే స్క్రైబ్‌ని వెతికిపెట్టే వాలంటీర్ గ్రూపులు మన దగ్గర బాగానే ఉన్నాయి. కొన్నిటికి వెబ్‌సైట్ కూడా ఉంటుంది. ఓపెన్ చేస్తే పైన కదిలే ఫోటోలు, కింద "మా ఆశయం", ఇంకా కిందకి వెళ్తే పోయినేడు దుప్పట్లు పంచిన ఫోటోలు, చివర్లో "మాతో చేరండి" అని ఒక బటన్. ఎల్లుండి పరీక్ష పెట్టుకుని స్క్రైబ్ దొరక్క అల్లాడిపోతున్న అమ్మాయి ఎక్కడ నొక్కాలి అన్నది మాత్రం ఆ పేజీలో ఎక్కడా ఉండదు. అసలు పనంతా వాట్సాప్‌లో నడుస్తుంటుంది, అది కూడా ఒక్క కోఆర్డినేటర్ అక్క ఫోన్‌లో, ఆవిడకి జ్వరం వస్తే ఆ వారం అంతా బంద్.

అలాంటి సైట్‌ని మళ్ళీ కడదాం అనుకునేవాళ్ళ కోసం రాస్తున్నా ఇది. కోడింగ్ పాఠం కాదు. ఏ పేజీలో ఏముండాలి, ఏ ప్రశ్న అడగాలి, ఏది అడక్కూడదు, మనిషికి మనిషిని ఎలా కలపాలి, అంతవరకే. మొత్తం సైట్‌కి ఇరుసు ఒకటే అని ముందే అనుకోండి: ఫలానా రోజు, ఫలానా సెంటర్‌లో, ఫలానా పేపర్. దానికి రాసే మనిషి దొరికాడా లేదా. ఏ పేజీ పెట్టాలన్నా ఏ బటన్ పెట్టాలన్నా ఈ ప్రశ్నకి పనికొస్తుందా అని అడిగి, పనికిరాకపోతే పక్కన పెట్టెయ్యండి. ఆశయం పేజీ ఉండొచ్చు, తప్పులేదు, కాకపోతే ఫుటర్‌లో, అంటే పేజీ అట్టడుగున, ఉండొచ్చు.

ముందు పాత చాట్ తియ్యండి

డిజైన్ గురించి మీటింగ్ పెట్టకముందే కోఆర్డినేటర్ పక్కన కూర్చుని పోయిన మార్చి నెల చాట్ మొత్తం చదవండి. ఇంటర్ పరీక్షలు, వాటి వెనకే టెన్త్, మధ్యలో డిగ్రీ సెమిస్టర్లు, బ్యాంక్ పరీక్షలు, అన్నీ ఆ చుట్టుపక్కలే పడతాయి కాబట్టి గ్రూప్ ఊపిరాడనప్పుడు ఎలా పనిచేస్తుందో అందులోనే తెలుస్తుంది. దాదాపు ప్రతి చాట్ ఇలాగే ఉంటుంది:

"అన్నా స్క్రైబ్ కావాలి అర్జెంట్"
"ఏ పరీక్షమ్మా"
"డిగ్రీ"
"ఏ ఇయర్, ఏ సబ్జెక్ట్"
"సెకండియర్ పొలిటికల్ సైన్స్"
"తెలుగు మీడియమా"
రెండు గంటలు ఏమీ లేదు.
"అవునన్నా"
"సెంటర్ ఎక్కడ"
"ఇంకా హాల్ టికెట్ రాలేదన్నా"

ఈ ప్రశ్నలే మీ ఫారం. వేరే గ్రూప్ సైట్ చూసి ఫారం కాపీ కొట్టడం కన్నా ఇది నయం, ఎందుకంటే ఏ ప్రశ్న అడక్కపోతే పని ఆగిపోయిందో ఇందులో కళ్ళెదురుగా ఉంటుంది. ఆ రెండు గంటల గ్యాప్ కూడా గమనించండి, పది రిక్వెస్టులకి అలా గ్యాపులు కలుపుకుంటూ పోతే ఒక రోజంతా అందులోనే పోతుంది.

చాట్ చదివేటప్పుడు ఇంకొకటి కూడా పట్టుకోవాలి. "నేను వస్తా" అన్న వాళ్ళలో ఎవరు నిజంగా వెళ్ళారు, వెళ్ళని వాళ్ళు ఎందుకు వెళ్ళలేదు. ఆఫీసులో లీవ్ దొరకలేదు, సెంటర్ దూరం, తెలుగు రాయడం రాదు, చదువు రూల్‌కి సరిపోలేదు, ఇవే తిరిగి తిరిగి వస్తాయి. చివరిది అన్నిటికన్నా పెద్దది, దాని సంగతి ముందు చూద్దాం.

మీ లిస్ట్‌లో ఉన్నవాళ్ళు, మీకు కావలసినవాళ్ళు వేరు

కేంద్రంలో దివ్యాంగుల సాధికారత శాఖ 2018 ఆగస్టు 29 న ఇచ్చిన గైడ్‌లైన్స్‌లో (2025 ఆగస్టులో వీటి బదులు కొత్తవి వచ్చాయి) ఒక మాట ఉండేది: క్యాండిడేట్ తన స్క్రైబ్‌ని తనే తెచ్చుకుంటే ఆ స్క్రైబ్ చదువు క్యాండిడేట్ చదువు కన్నా ఒక మెట్టు కింద ఉండాలి. అంటే డిగ్రీ పరీక్ష రాసే అమ్మాయికి ఇంటర్ స్థాయి వాళ్ళు కావాలి. టెన్త్ రాసే పిల్లాడికి మామూలుగా తొమ్మిదో తరగతి పిల్లల్ని పెడతారు. ఇప్పుడు మీ వాలంటీర్ లిస్ట్ తెరిచి చూడండి, గచ్చిబౌలి, మాదాపూర్ సాఫ్ట్‌వేర్ వాళ్ళే ఎక్కువ ఉంటారు, అందరూ బీటెక్ అయిపోయినవాళ్ళే, మనసు మంచిది, శనివారం ఖాళీ కూడా, కానీ వచ్చే రిక్వెస్టుల్లో సగానికి పైగా రూల్ ప్రకారం వాళ్ళు కూర్చోవడానికి లేదు. లిస్ట్ చూస్తే నిండుగా ఉంటుంది, పరీక్ష ముందు రోజు మాత్రం ఒక్కరూ దొరకరు.

కాబట్టి వాలంటీర్ పేజీ మాట్లాడాల్సింది ఇంటర్ వాళ్ళతో, డిగ్రీ ఫస్టియర్ వాళ్ళతో. "సమాజ సేవ చేయండి" అని కాకుండా "ఇంటర్ చదువుతున్నారా, ఒక పూట టైం ఉందా, చేతిరాత అర్థమయ్యేలా ఉంటుందా" అని సూటిగా అడగండి. కాలేజీల ఎన్ఎస్ఎస్ యూనిట్ల ద్వారా వెళ్తే ఇలాంటి పిల్లలు ఎక్కువమంది ఒకేసారి దొరుకుతారు. పద్దెనిమిది లోపు వాళ్ళయితే తల్లిదండ్రుల అనుమతి తప్పనిసరి, 2023 డేటా ప్రొటెక్షన్ చట్టం కూడా పిల్లల వివరాలు తీసుకోవాలంటే పేరెంట్ ఒప్పుకోవాలి అంటుంది, కాబట్టి వయసు అడిగిన వెంటనే ఫారం దారి మారాలి, పేరెంట్ నంబర్ తీసుకుని ఒకసారి ఫోన్ చేసి మాట్లాడిన తర్వాతే లిస్ట్‌లోకి ఎక్కించాలి.

మరి బీటెక్ అన్నయ్యల్ని ఏం చెయ్యాలి? పీజీ పరీక్షలకి వాళ్ళు సరిపోతారు. సెంటర్‌కి తీసుకెళ్ళి తీసుకురావడం, పుస్తకాలు చదివి రికార్డ్ చేసివ్వడం, పరీక్ష ముందు రోజు ఫోన్లు చెయ్యడం, ఇవన్నీ మనిషి కావాల్సిన పనులే. ఫారంలో "ఏ పని చెయ్యగలరు" అని టిక్ బాక్సులు పెడితే చాలు, స్క్రైబ్‌గా పనికిరారు అని చెప్పి పంపించాల్సిన అవసరం ఉండదు.

ఇక్కడ ఒక జాగ్రత్త. ఈ ఒక మెట్టు రూల్‌ని సాఫ్ట్‌వేర్‌లో పాతేయొద్దు. బోర్డుని బట్టి, నోటిఫికేషన్‌ని బట్టి మారుతుంది, కొన్ని చోట్ల పరీక్ష పెట్టేవాళ్ళే స్క్రైబ్‌ని ఇస్తారు, బ్యాంక్ పరీక్షల్లో స్క్రైబ్ కూడా అదే పరీక్షకి అప్లై చేసుండకూడదు అంటారు. రైటర్స్ క్రాంప్ (రాసేటప్పుడు చేతి కండరాలు పట్టేసే సమస్య) ఉన్న ఒక క్యాండిడేట్ కేసులో 2021 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు తీర్పు వచ్చాక, నలభై శాతం కన్నా తక్కువ వైకల్యం ఉన్నా రాయడానికి ఇబ్బంది ఉన్నవాళ్ళ కోసం 2022 ఆగస్టులో విడిగా గైడ్‌లైన్స్ వచ్చాయి. 2025లో అవీ మారాయి, ఇలా మారుతూనే ఉంటాయి. అందుకని సైట్‌లో "పరీక్షలు" అని ఒక చిన్న టేబుల్ పెట్టుకోండి, ఒక్కో పరీక్షకి స్క్రైబ్ చదువు ఎంత ఉండాలి, ఏ ఫారం కావాలి, ఎవరి సంతకం కావాలి అన్నది కోఆర్డినేటర్ నోటిఫికేషన్ చూసి మార్చుకునేలా ఉండాలి. ప్రోగ్రామర్ కోసం ఎదురుచూసే పని ఉండకూడదు. ఎందుకింత పట్టుబడుతున్నానంటే స్క్రైబ్ చదువు గురించి డిక్లరేషన్ మీద సంతకం పెట్టేది క్యాండిడేటే, తర్వాత అది తప్పని తేలితే ఉద్యోగం మీద హక్కు వదులుకుంటాను అని కూడా ఆ కాగితంలో ఉంటుంది. మనం ఏమరుపాటుగా పంపిస్తే వాళ్ళ ఉద్యోగం పోతుంది.

రిక్వెస్ట్ ఫారం

ఒక రిక్వెస్ట్ అంటే ఒక మనిషి అని లెక్కేసుకుంటే ఇక్కడే దెబ్బ తింటారు. సెమిస్టర్‌లో ఐదారు పేపర్లు ఉంటాయి, రోజు మార్చి రోజు, ఒకే వాలంటీర్‌కి అన్ని లీవులు ఎవరిస్తారు. ఒక క్యాండిడేట్ కింద ఎన్ని పేపర్లుంటే అన్ని లైన్లు ఉండాలి, ఒక్కో లైనుకి ఒక్కో మనిషి వెళ్ళగలగాలి. వేరే వేరే పేపర్లకి, ముఖ్యంగా లాంగ్వేజ్ పేపర్లకి, వేరే స్క్రైబ్‌లని తీసుకోవచ్చని 2018 గైడ్‌లైన్స్‌లోనే ఉండేది, ఎమర్జెన్సీలో స్క్రైబ్‌ని మార్చుకునే వీలు ఇవ్వాలని కూడా ఉండేది. ఇప్పటి గైడ్‌లైన్స్‌లో ఇది ఎలా ఉందో చూసుకుని ఆ పేజీ ప్రింట్ తీసి పెట్టుకోమని క్యాండిడేట్‌కి చెప్పండి, కొన్ని సెంటర్లలో ఇన్విజిలేటర్‌కి ఈ సంగతి తెలియక గేటు దగ్గరే గొడవ అవుతుంది.

ఒక్కో పేపర్‌కి అడగాల్సినవి: పరీక్ష పేరు, సబ్జెక్ట్, తేదీ, రిపోర్టింగ్ టైం, పేపర్ ఎన్ని గంటలు, మీడియం, పెన్నుతోనా కంప్యూటర్ మీదా, సెంటర్ ఉన్న ఏరియా. సెంటర్ దగ్గర "ఇంకా తెలియదు" అనే ఆప్షన్ తప్పకుండా ఉండాలి, హాల్ టికెట్ వారం ముందు గానీ రాదు చాలా పరీక్షలకి, ఆ డబ్బాని తప్పనిసరి చేశారంటే జనం ఏదో ఒక ఊరి పేరు కొట్టేసి ముందుకెళ్ళిపోతారు, అది మీకు తర్వాత తలనొప్పి. హాల్ టికెట్ వచ్చాక ఒక్క సెంటర్ మాత్రమే అప్‌డేట్ చేసేలా చిన్న లింక్ పంపండి.

టైం విషయంలో ఒక లెక్క సైటే వేసి చూపించాలి. గంటకి కనీసం 20 నిమిషాలు అదనపు సమయం ఉంటుంది కాబట్టి మూడు గంటల పేపర్ నాలుగు గంటలు నడుస్తుంది. దానికి గంట ముందు రిపోర్టింగ్, సంతకాలు, ఐడీ చెక్, రానుపోను ప్రయాణం. "పరీక్ష 10 నుంచి 1 దాకా" అని రాస్తే వాలంటీర్ మధ్యాహ్నం రెండింటికి మీటింగ్ పెట్టుకుంటాడు, తర్వాత పేపర్ మధ్యలో వాచీ చూసుకుంటూ కూర్చుంటాడు, పక్కన చెప్పేవాళ్ళకి ఆ తొందర తెలిసిపోతుంది. "ఉదయం 9 నుంచి మధ్యాహ్నం 2 దాకా సెంటర్‌లోనే ఉండాలి" అని రిక్వెస్ట్ మీదే పెద్దగా ఉండాలి.

అడక్కూడనివి కూడా ఉన్నాయి. చూపు ఎప్పుడు పోయింది, ఎలా పోయింది, ఇంటి ఆదాయం ఎంత, కులం ఏంటి, ఫోటో. ఇవేవీ మ్యాచింగ్‌కి పనికిరావు. వైకల్య సర్టిఫికెట్ కాపీ కూడా మొదటి ఫారంలో వద్దు, స్క్రైబ్ కుదిరాక సెంటర్‌కి క్యాండిడేటే తీసుకెళ్తారు కదా.

ఫారం నింపలేని వాళ్ళ కోసం ఒక ఫోన్ నంబర్ అదే పేజీలో పైన ఉండాలి, కోఆర్డినేటర్ ఫోన్‌లో విని అదే ఫారంని తనే నింపాలి. నోట్‌బుక్‌లో రాసుకుని తర్వాత ఎక్కిద్దాం అంటే అది ఎప్పటికీ ఎక్కదు.

తెలుగు మాట్లాడటం వేరు, తెలుగు రాయడం వేరు

వాలంటీర్ ఫారంలో "ఏ భాషలు వచ్చు" అని ఒక డబ్బా పెడితే హైదరాబాద్‌లో నూటికి తొంభై మంది తెలుగు, ఇంగ్లీష్, హిందీ అని కొట్టేస్తారు. వీళ్ళలో ఎల్‌కేజీ నుంచి ఇంగ్లీష్ మీడియం, తెలుగు సెకండ్ లాంగ్వేజ్ కూడా తీసుకోని పిల్లలు బోలెడంతమంది. తెలుగు మీడియం హిస్టరీ పేపర్‌లో "రాష్ట్రకూటులు", "సామ్రాజ్య విస్తరణ", "భూస్వామ్య వ్యవస్థ" అని క్యాండిడేట్ గబగబా చెప్తుంటే వీళ్ళు ట కింద ర వత్తు దగ్గర ఆగి, స్వ రాయడం ఎలా అని ఆలోచిస్తూ, చివరికి మార్కులు పోయేది ఎవరికి?

అందుకని భాషని మూడుగా విడగొట్టండి: ప్రశ్నాపత్రం గట్టిగా తడుముకోకుండా చదవగలరా, చెప్తే వేగంగా రాయగలరా, టైప్ చెయ్యగలరా. "రాయగలను" అని టిక్ పెట్టిన వాళ్ళకి సైట్‌లో ఒక నిమిషం ఆడియో వినిపించండి, పాఠ్యపుస్తకం లాంటి తెలుగులో, మామూలు వేగంతో, ఒక్కసారే. విన్నది కాగితం మీద రాసి ఫోటో తీసి అప్‌లోడ్ చెయ్యమనండి. దీన్ని ఎవరో ఒక తెలుగు మాస్టారు చూసి ఓకే అంటే చాలు, మార్కులు గట్రా వెయ్యొద్దు. ఈ ఒక్క అడుగు వల్ల కొంతమంది మధ్యలోనే వెళ్ళిపోతారు, పోనివ్వండి, పరీక్ష హాల్లో చేతులెత్తేయడం కన్నా ఇక్కడ ఆగిపోవడం మంచిది. లెక్కలు, స్టాటిస్టిక్స్, సైన్స్ పేపర్లకి కూడా ఇంతే, బొమ్మని మాటల్లో వర్ణించి చెప్పగలరా, "రూట్ లోపల ఎక్స్ ప్లస్ వన్, రూట్ అయిపోయింది" అన్నట్టు సమీకరణం చదవగలరా అన్నది తెలుసుకోవాలి.

ఏరియా దగ్గర పిన్‌కోడ్, కిలోమీటర్లు అంటూ ఎక్కువ కష్టపడొద్దు. హైదరాబాద్ వరకు అయితే "దగ్గర్లో మెట్రో స్టేషన్ ఏది, సొంత బండి ఉందా" అని అడిగితే ఎక్కువ తెలుస్తుంది. మియాపూర్‌లో ఉన్నవాళ్ళు మలక్‌పేట సెంటర్‌కి ఒకే ట్రైన్‌లో వెళ్ళిపోతారు, మ్యాప్‌లో చూస్తే మాత్రం ఎక్కడో దూరం. అదే మైసమ్మగూడ, ఘట్‌కేసర్ వైపు ఇంజనీరింగ్ కాలేజీల్లో పడే ఆన్‌లైన్ పరీక్షలకి బండి లేకపోతే ఉదయం ఏడున్నర రిపోర్టింగ్‌కి చేరడం కష్టం. వేరే ఊళ్ళ వాళ్ళు మీ ఊరికి తగ్గట్టు బస్ రూట్ పెట్టుకోండి.

చెవులతో వాడి చూడండి

ఈ సైట్ వాడే వాళ్ళలో చాలామంది స్క్రీన్ రీడర్ మీద ఉంటారు, అంటే స్క్రీన్ మీదున్నది గట్టిగా చదివి వినిపించే సాఫ్ట్‌వేర్. కంప్యూటర్‌లో ఎన్వీడీఏ, అది ఫ్రీ, ఫోన్‌లో టాక్‌బ్యాక్, అది ఆండ్రాయిడ్‌లోనే ఉంటుంది. డిజైన్ చేసేవాళ్ళు ఎన్వీడీఏ వేసుకుని, మానిటర్ ఆఫ్ చేసి, మౌస్ పక్కన పెట్టి, ట్యాబ్ కీతోనే మీ సొంత ఫారం నింపడానికి ట్రై చెయ్యండి. లేబుల్ సరిగ్గా కట్టకపోతే ప్రతి డబ్బా దగ్గరా "ఎడిట్, బ్లాంక్" అంటుంది. మళ్ళీ ట్యాబ్ కొడితే మళ్ళీ "ఎడిట్, బ్లాంక్". పేరు అడుగుతోందా తేదీ అడుగుతోందా ఆ భగవంతుడికే తెలియాలి. డబ్బా లోపల బూడిద రంగులో "మీ పేరు" అని రాస్తే సరిపోదు, విడిగా లేబుల్ ఉండాలి, అది డబ్బాకి కోడ్‌లో ముడిపడి ఉండాలి.

తేదీకి వచ్చే క్యాలెండర్ పాపప్ అందంగానే ఉంటుంది, చాలా వాటిల్లో కీబోర్డ్ లోపలికి వెళ్ళదు, వెళ్తే బయటికి రాదు. రోజు, నెల, సంవత్సరం మూడు మామూలు డ్రాప్‌డౌన్లు పెట్టండి, ఎవరూ ఏడవరు. ట్రాఫిక్ లైట్లు ఉన్న బొమ్మలు ఎంచుకోమనే క్యాప్చా చూపులేని వాళ్ళ కోసం కట్టిన సైట్‌లో పెట్టినవాళ్ళని ఏమనాలో నాకు తెలియట్లేదు, కానీ పెడుతున్నారు. ఓటీపీ అరవై సెకన్లలో అయిపోతే కూడా అంతే, స్క్రీన్ రీడర్‌తో మెసేజ్‌లోకి వెళ్ళి విని వెనక్కి వచ్చేసరికి టైం దాటిపోతుంది, పది నిమిషాలు ఇవ్వండి. స్టేటస్‌ని ఎరుపు పచ్చ చుక్కలతో మాత్రమే చూపించొద్దు, మాటల్లో కూడా ఉండాలి. కొంచెం చూపు ఉన్నవాళ్ళు పేజీని రెండింతలు మూడింతలు పెద్దది చేసుకుని చూస్తారు, అలా చేసినా అక్షరాలు పక్కకి పారిపోకూడదు, వెనక రంగుకి అక్షరం రంగుకి తేడా కనీసం 4.5:1 ఉండాలి.

తెలుగు సైట్లకి మాత్రమే వచ్చే రెండు గొడవలున్నాయి. ఒకటి, పాత డీటీపీ ఫాంట్లలో, అను లాంటి వాటిల్లో, టైప్ చేసిన మ్యాటర్‌ని తెచ్చి అతికించడం. చూడ్డానికి తెలుగే, వెనకాల ఉండేది పిచ్చి గుర్తులు, స్క్రీన్ రీడర్ ఆ గుర్తుల్నే చదువుతుంది. అంతా యూనికోడ్‌లోనే, అంటే ఏ ఫోన్‌లోనైనా తెలుగు అక్షరాలుగానే ఉండే పద్ధతిలో, ఉండాలి. స్కాన్ చేసిన పీడీఎఫ్‌లు కూడా ఇదే బాపతు, అది ఫోటో, అందులో వినడానికి ఏమీ ఉండదు. డిక్లరేషన్ ఫారంని టైప్ చేసి పేజీగా పెట్టి, ప్రింట్ కోసం పీడీఎఫ్‌ని పక్కన ఇవ్వండి. రెండోది, పేజీ కోడ్‌లో భాష తెలుగు అని చెప్పకపోవడం. చాలా టెంప్లేట్లు ఇంగ్లీష్ అనే పెట్టి వదిలేస్తాయి, అప్పుడు స్క్రీన్ రీడర్ తెలుగు అక్షరాల్ని ఇంగ్లీష్ గొంతుతో చదవబోయి తడబడుతుంది, లేదా మింగేస్తుంది. హెచ్‌టీఎంఎల్‌లో లాంగ్ అనే ఆట్రిబ్యూట్ తెలుగుకి మార్చడం ఒక్క నిమిషం పని.

ఇవన్నీ అయ్యాక మీ క్యాండిడేట్లలోనే ఇద్దరు ముగ్గురిని పిలిచి, ఏమీ చెప్పకుండా, ఫారం ఇచ్చి పక్కన కూర్చోండి. ఎక్కడ ఆగుతున్నారో చూడండి, సాయం చెయ్యొద్దు. వాళ్ళ టైంకి దారి ఖర్చులైనా ఇవ్వండి, ఊరికే రమ్మనొద్దు.

కలపడం

ఇక్కడ ఆటోమేటిక్ మ్యాచింగ్ అని, ఏఐ అని ఎవరో ఒకరు లేస్తారు. వద్దు. సైట్ చెయ్యాల్సింది జల్లెడ పట్టడం వరకే, ఆఖరి మాట కోఆర్డినేటర్‌ది. జల్లెడలో గట్టి నియమాలు ముందు పడాలి: ఆ రోజు ఖాళీ, చదువు రూల్‌కి సరిపోవడం, ఆ భాషలో రాసి ఓకే అనిపించుకుని ఉండటం, అదే పరీక్షకి తను అప్లై చేసుండకపోవడం. వీటిలో ఏ ఒక్కటి తప్పినా పేరు కనపడకూడదు. మిగిలిన వాళ్ళని దూరం, ముందు ఇదే క్యాండిడేట్‌కి రాశారా, సబ్జెక్ట్ పరిచయం, చివరిసారి ఎప్పుడు పిలిచాం అన్నవాటితో వరస పెట్టాలి. చివరిది మర్చిపోవద్దు, లేకపోతే ప్రతిసారీ ఆ నలుగురినే పిలిచి పిలిచి వాళ్ళు ఫోన్ ఎత్తడం మానేస్తారు. అమ్మాయిలకి అమ్మాయే కావాలంటే ఆ ఆప్షన్ క్యాండిడేట్ చేతిలోనే ఉండాలి, కారణం అడగొద్దు.

రిక్వెస్ట్‌ని మొత్తం గ్రూప్‌కి ఒకేసారి కొట్టొద్దు. ఐదొందల మంది ఉన్న గ్రూప్‌లో వేస్తే ప్రతి ఒక్కరూ ఎవరో ఒకరు వెళ్తార్లే అనుకుంటారు, దండం ఎమోజీలు మాత్రం బోలెడు వస్తాయి. వరసలో పైనున్న ముగ్గురు నలుగురికి విడివిడిగా పేరుతో మెసేజ్ వెళ్ళాలి, అందులో "వస్తాను", "కుదరదు" అని రెండు లింకులు. మొదట వస్తాను అన్నవాళ్ళ పేరు మీద పేపర్ లాక్ అవ్వాలి, రెండో వాళ్ళని స్టాండ్‌బైగా ఉంటారా అని అడగాలి, మిగతా వాళ్ళకి "కుదిరింది, థ్యాంక్స్" అని వెంటనే వెళ్ళాలి. సాయంత్రంలోగా ఎవరూ పలక్కపోతే తర్వాతి నలుగురికి. పరీక్ష రెండు రోజుల్లో ఉంటే ఈ గడువుని గంటకి తగ్గించండి, ఫోన్లు మొదలుపెట్టండి.

స్టాండ్‌బై లేని పేపర్‌ని కుదిరినట్టు లెక్కెయ్యొద్దు. వాలంటీర్‌కి ఆ రోజే జ్వరం వస్తుంది, బండి పంచరవుతుంది, మేనేజర్ రమ్మంటాడు, ఎవర్నీ తప్పు పట్టలేం. స్టేటస్‌లు కూడా దీన్ని బట్టే పెట్టుకోండి: కొత్తది, వెతుకుతున్నాం, ఒకరు దొరికారు, స్టాండ్‌బై కూడా ఉన్నారు, అయిపోయింది, రద్దు. కోఆర్డినేటర్ పేజీ తెరవగానే తేదీ దగ్గరపడినవి, ఎవరూ దొరకనివి పైన ఉండాలి, గ్రాఫులు ఏమీ అక్కర్లేదు.

ఒప్పుకున్నాక ఇద్దర్నీ ఫోన్‌లో కలపండి. పరీక్షకి ముందే ఒకసారి మాట్లాడుకుంటే, కుదిరితే కలిస్తే, చెప్పే వేగం, రాసే వేగం సర్దుకుంటాయి. బోర్డు ఇచ్చే స్క్రైబ్ అయినా రెండు రోజుల ముందు కలిసి చూసుకునే అవకాశం ఇవ్వాలని 2018 గైడ్‌లైన్స్ అన్నాయి, మనం ఇచ్చే స్క్రైబ్‌కి ఆ మాత్రం చెయ్యకపోతే ఎలా. రిమైండర్లు మూడు రోజుల ముందు ఒకటి, ముందు రోజు సాయంత్రం ఒకటి, ఆ రోజు పొద్దున్నే "బయల్దేరారా" అని ఒకటి. పొద్దున్న దానికి జవాబు రాకపోతే స్టాండ్‌బైకి ఫోన్ వెళ్ళాలి, అక్కడ మనిషే ఉండాలి.

వాలంటీర్‌కి పంపే మెసేజ్‌లోనే నాలుగు మాటలు ఉండాలి: ఒరిజినల్ ఐడీ, కాలేజీ ఐడీ, రెండు పెన్నులు తెచ్చుకోండి. ప్రశ్న రెండుసార్లు చదవండి, మార్కులు ఎన్నో కూడా చదవండి. వాళ్ళు చెప్పింది చెప్పినట్టు రాయండి, తప్పని తెలిసినా దిద్దొద్దు, గొంతు మార్చి హింట్ కూడా ఇవ్వొద్దు. అయిపోయాక రాసింది ఒకసారి చదివి వినిపించండి.

నంబర్లు, కాగితాలు

ఫోన్ నంబర్లు ఇద్దరూ ఒప్పుకున్నాకే ఒకరిది ఒకరికి కనపడాలి, అప్పటిదాకా సైట్ ద్వారానే మాట. అమ్మాయిల నంబర్లు ఓపెన్ లిస్టులో పెట్టిన గ్రూపుల్లో ఏం జరుగుతుందో చెప్పక్కర్లేదు, పరీక్ష అయిపోయాక కూడా గుడ్ మార్నింగ్‌లు ఆగవు. పరీక్ష అయిన నెల రోజులకి హాల్ టికెట్, ఐడీ కాపీలు ఏమైనా ఉంటే వాటంతటవే డిలీట్ అయ్యేలా పెట్టండి. గూగుల్ షీట్‌ని "లింక్ ఉన్న ఎవరైనా" అని షేర్ చేసి ఉంటే ఈ పేరా చదవడం ఆపి ముందు అది మార్చి రండి. ఫిర్యాదు చెయ్యడానికి కోఆర్డినేటర్ కాని ఇంకో మనిషి నంబర్ కూడా సైట్‌లో ఉండాలి.

దేంతో కట్టాలి, ఎప్పుడు మార్చాలి

నెలకి ఇరవై ముప్పై పేపర్లు వచ్చే గ్రూప్ అయితే ఫారం, షీట్, ఒక మామూలు పేజీ చాలు, యాప్ అవసరం లేదు, ఫోన్‌లో జాగా లేక జనం దింపుకోరు కూడా. అంతకన్నా పెరిగితే వర్డ్‌ప్రెస్ లాంటిదేదో, పది మందికి తెలిసిన దాంట్లో కట్టండి. కొత్తగా వచ్చిన ఫ్రేమ్‌వర్క్ నేర్చుకోవాలని ఉబలాటపడే తమ్ముడి చేతికి ఇచ్చారంటే ఆరు నెలల్లో అతనికి ఉద్యోగం వచ్చి బెంగళూరు వెళ్ళిపోతాడు, ఇక ఆ కోడ్ ఎవరూ ముట్టుకోరు. డొమైన్, హోస్టింగ్, ఈమెయిల్ గ్రూప్ పేరు మీద ఉండాలి, పాస్‌వర్డ్ ఇద్దరి దగ్గర ఉండాలి, రెన్యువల్ తేదీ ముగ్గురి క్యాలెండర్‌లో ఉండాలి.

ఫిబ్రవరి, మార్చిలో మాత్రం కొత్త సైట్ జోలికి పోవద్దు. సప్లిమెంటరీ పరీక్షలప్పుడు ఒక్క ఊరికి, ఒక్క రకం పరీక్షకి పెట్టి చూడండి, పాత వాట్సాప్ పద్ధతిని పక్కన నడవనివ్వండి. వాట్సాప్‌కి వచ్చిన ప్రతి రిక్వెస్ట్‌నీ కోఆర్డినేటర్ కొత్త ఫారంలోనే ఎక్కించాలి, అది జరగట్లేదంటే ఆవిడ బద్ధకం అనుకోకండి, ఫారం పొడుగైపోయిందని అర్థం, కత్తిరించండి.

బాగా నడుస్తోందా లేదా అని చూడ్డానికి మెంబర్ల సంఖ్య, లైకులు చూడొద్దు. పరీక్షకి మూడు రోజుల ముందుకి ఎన్ని పేపర్లు స్టాండ్‌బైతో సహా కుదిరాయి, ఎన్ని ఆఖరి రాత్రి దాకా వెళ్ళాయి, ఎన్నిటికి ఎవరూ దొరకలేదు, ఈ మూడూ చాలు. దొరకని వాటిని విడిగా తీసి ఏ జిల్లా, ఏ సబ్జెక్ట్, ఏ మీడియం అని చూస్తే తర్వాత ఏ కాలేజీకి వెళ్ళి వాలంటీర్లని అడగాలో అదే చెప్తుంది.

ఇక పాత లిస్ట్. దాన్ని యథాతథంగా కొత్త సైట్‌లోకి ఎక్కించొద్దు, అందులో పెళ్ళై అమెరికా వెళ్ళిపోయినవాళ్ళు, నంబర్ మారిపోయినవాళ్ళు, ఇంటర్ అని రాసి ఇప్పుడు ఎంబీఏ చేస్తున్నవాళ్ళు ఉంటారు. అందరికీ ఒక మెసేజ్ పెట్టండి, ఇంకా ఉన్నారా, ఇప్పుడు ఏం చదువుతున్నారు, ఎక్కడుంటున్నారు అని. జవాబిచ్చిన వాళ్ళనే లోపలికి తీసుకోండి, మిగతా వాళ్ళకి రెండు వారాలాగి ఇంకోసారి పంపి వదిలెయ్యండి. చదువు అనే డబ్బాని మాత్రం ఏటా జూన్‌లో మళ్ళీ అడగాలి, పిల్లలు పై క్లాసుకి వెళ్ళిపోతారు కాబట్టి.